పరికరం చూపింది గోడా, కందకమా?

తవ్వకుండా నేల అడుగున ఏ పురాతన కట్టడాలున్నాయో కనిపెట్టే ప్రయత్నాల తొలి అడుగే తడబడింది. 1938లో అమెరికాలోని విలియమ్స్‌బర్గ్‌లో, ఒక పాత చర్చి ఆవరణలో రాతి నేలమాళిగ దాగి ఉందన్న నమ్మకంతో మార్క్ మాలంఫీ నేలలోకి విద్యుత్తు పంపి కొలతలు తీశారు. ఒకచోట తేడా కనిపించింది. తవ్వితే నేలమాళిగ లేదు. పరికరం తేడాను పట్టుకోగలదు. ఆ తేడాకు పేరు పెట్టేది మాత్రం మనిషే. ఎనభై ఏళ్లు దాటినా తగాదాలన్నీ అక్కడే పుడుతున్నాయి.

1946లో ఇంగ్లండులోని డార్చెస్టర్ ఆన్ థేమ్స్ వద్ద రిచర్డ్ అట్కిన్సన్ ఇదే విద్యుత్ పద్ధతితో పూడిపోయిన కందకాల జాడ తీశారు. తేమ నిలిచే పూడిక మట్టిలో విద్యుత్తు సులువుగా పారుతుంది, రాతి పునాది దాన్ని అడ్డుకుంటుంది. వానలు, ఎండలు మారితే కొలతలూ మారతాయి కాబట్టి ఏ కాలంలో సర్వే చేశారన్నదీ ముఖ్యమే.

అసలు మలుపు 1958లో వచ్చింది. ఇంగ్లండులోనే వాటర్ న్యూటన్ దగ్గర రోడ్డు వెడల్పు చేయబోతున్న చోట రోమన్ల నాటి కుండల బట్టీలు ఉండవచ్చని అనుమానం. మార్టిన్ ఐట్కెన్ భూ అయస్కాంత క్షేత్రంలో చిన్న తేడాలను కొలిచే ప్రోటాన్ మాగ్నెటోమీటర్‌తో అక్కడ గాలించి బట్టీని పట్టుకున్నారు. బంకమట్టిలో ఇనుప ఆక్సైడులు ఉంటాయి. బాగా కాలి చల్లారేటప్పుడు అవి ఆనాటి భూ అయస్కాంత క్షేత్రం దిశను తమలో నిలుపుకొంటాయి. అందుకే బట్టీలు, పొయ్యిలు ఈ పద్ధతికి చిక్కినంత తేలికగా రాతిగోడలు చిక్కవు.

1970ల నుంచి, నేలలోకి రేడియో తరంగాలు పంపి తిరిగొచ్చే వాటిని చదివే రాడార్ కూడా తోడైంది. తడి బంకమట్టి దాని తరంగాలను మింగేస్తుంది. పొడి నేలలోనైతే అద్భుతాలే చేస్తుంది. ఇటలీలో ప్రాకారం లోపల 30.5 హెక్టార్ల మేర విస్తరించిన ఫలేరీ నోవి అనే రోమన్ల నాటి నగరాన్ని ఒక్క గొయ్యీ తవ్వకుండా రాడార్‌తో పటం గీసి, ఆ ఫలితాలను 2020లో ప్రచురించారు. ఆలయం, అంగడి, స్నానశాలలు అందులో తేలాయి.

పొరపాట్లు కూడా అంత పెద్దవే. టర్కీలోని ప్రాచీన నగరం ట్రాయ్‌లో 1992 నాటి అయస్కాంత సర్వేలో కనిపించినది కాలిన ఇటుక గోడ అనుకున్నారు. మరుసటి ఏడాది తవ్వితే అది రాతినేలలో తొలిచిన కందకం. ఇంగ్లండులోని ప్రాచీన రాతి వలయం స్టోన్‌హెంజ్ సమీపంలో, డరింగ్టన్ వాల్స్ అనే పురాతన స్థలంలో దాదాపు 90 భారీ రాళ్లు పూడి ఉన్నాయని 2015లో ప్రకటించారు. ప్రపంచమంతా పతాక శీర్షికలు! 2016లో తవ్వి చూస్తే ఒక్క రాయీ లేదు. ఒకప్పుడు కొయ్య స్తంభాలు నిలిపి, తర్వాత వాటిని తీసేసి సుద్ద ముక్కలతో పూడ్చిన గోతులు బయటపడ్డాయి.