దూలం మోసినంత అంకణం

తిరుపతిలో ఇంటి జాగా మాట ఎత్తగానే వచ్చే ప్రశ్న "ఎన్నంకణాలన్నా?" అని. యాభై అంకణాలంటే వినేవాళ్ల కళ్ల ముందు జాగా నిలబడుతుంది. అదే 167 చదరపు మీటర్లని చెప్పండి, అంకణాల్లో ఎంతని మళ్లీ అడుగుతారు. 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది. శేరు, వీశె మెల్లగా వాడుక నుంచి జారిపోయాయి. అంకణం మాత్రం కదల్లేదు.

అసలు అంకణం నేలది కాదు, ఇంటిది. రెండు స్తంభాల నడుమ, రెండు దూలాల నడుమ ఉండే చోటును అంకణం అన్నారు. మా అవ్వావాళ్ల మిద్దెను ఊళ్లో "ఆరంకణాల ఇల్లు" అనేవాళ్లు. ఆ ఒక్క మాటతో ఇంటి పొడవూ, ఇంటివాళ్ల కలిమీ రెండూ తెలిసిపోయేవి.

స్తంభాలను అంత దగ్గరగా ఎందుకు నిలబెట్టారు? జవాబు కర్రలో ఉంది. మట్టిమిద్దె బరువు తక్కువేం కాదు. దూలాల మీద దంతెలు, వాటి పైన చౌడుమట్టి. వాన పడి మట్టి నానితే ఇంకా బరువు. పొడవునా సమంగా బరువు పడే దూలాన్ని, మందం పెంచకుండా రెట్టింపు ఎడానికి వేస్తే, దాన్ని విరిచే ఒత్తిడి నాలుగింతలవుతుంది. మధ్యలో కుంగడమైతే పదహారింతలు! ఈ లెక్కను కాగితం మీద ఎన్నడూ వేయకపోయినా వడ్రంగి చేతికి తెలుసు. ఇప్పుడు ఇనుము, సిమెంటు పుణ్యమా అని నడుమ స్తంభం లేని ఇరవై అడుగుల హాలు కట్టుకుంటున్నాం. ఆ హాలు కింది నేలను కొనేది మాత్రం అంకణాల్లోనే.

తిరుపతి చుట్టుపక్కల అంకణమంటే 36 చదరపు అడుగులు. ఆరడుగులకు ఆరడుగులు, అంటే నాలుగు చదరపు గజాలు. సెంటుకు 12.1 అంకణాలు, ఎకరాకు 1,210.

నెల్లూరు వైపు వెళితే ఇదే మాటకు 72 చదరపు అడుగులు. 2022లో సూళ్లూరుపేట వంటి నెల్లూరు జిల్లా ప్రాంతాలు తిరుపతి జిల్లాలో కలిశాయి కాబట్టి జాగ్రత్త మరీ అవసరం. యాభై అంకణాలు ఒకచోట 200 గజాలు, ఇంకోచోట 400. బేరం కుదుర్చుకునే ముందే దస్తావేజులో గజాలు చూసుకోవాలి.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది జపాన్. అక్కడి పాత కొలత 'కెన్' కూడా స్తంభాల నడిమి ఎడం నుంచే పుట్టింది. కెన్ అంటే ఆరు 'షకు'లు. షకు మన అడుగుకు రవ్వంత తక్కువ. కెన్ పొడవు, కెన్ వెడల్పు ఉన్న చోటు ఒక 'త్సుబో', సుమారు 3.31 చదరపు మీటర్లు. మన అంకణం 3.34. కర్రతో ఇళ్లు కట్టుకున్న ఆ దేశంలో ఇంటి జాగా ధర ఇప్పటికీ త్సుబోకు ఇంత అనే చెప్పుకుంటారు.