నేల ఒకటే, అంకెలు రెండు: దేశదేశాల మట్టి లెక్కలపై అపోహలు - వాస్తవాలు

పోయిన ఖరీఫ్‌కి ముందు పద్మనాభం మండలం నుంచి ఒక పెద్దాయన విశాఖలో మా ల్యాబ్‌కి రెండు రిపోర్టులు పట్టుకొచ్చారు. ఒకే పొలంలో, ఒకే రోజు తీసిన మట్టి. సేంద్రియ కర్బనం (ఆకు, వేరు కుళ్లి మట్టిలో చేరేది) ఒకదాంట్లో 0.42 శాతం, ఇంకోదాంట్లో 0.55. "ఏటమ్మా, నేల ఒకటే కదా, ఈ రెండు లెక్కలేటి?" అన్నారు. మన దగ్గర 0.5 లోపు ఉంటే 'తక్కువ', దాటితే 'మధ్యస్థం' అని రాస్తాం. దాన్ని బట్టి ఎరువు సిఫార్సు కూడా మారుతుంది. ఆయన టెన్షన్ పడటంలో తప్పేమీ లేదు.

పరీక్ష రెండు చోట్లా సరిగ్గానే జరిగింది. 1934 నాటి వాక్లీ-బ్లాక్ పద్ధతిలో మట్టిలోని కర్బనం మొత్తం బయటపడదు, సగటున 77 శాతం దాకా పడుతుంది. మిగతాది కలుపుకోవడానికి కొందరు 1.3తో గుణిస్తారు, కొందరు గుణించరు. ఆ రెండు ల్యాబుల్లో ఒకటి గుణించింది, ఇంకోటి గుణించలేదు. ఆ సంగతి మాత్రం ఏ రిపోర్టులోనూ రాయలేదు. నేను చేసే పనిలో సగం ఇలా రాయకుండా వదిలేసిన మాటల్ని వెతకడమే. ఒక్క మండలంలోనే ఇంత తేడా వస్తే, దేశాల డేటా కలిపేటప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అపోహ: అందరూ కొలిచేది కర్బనం, భాస్వరం, ఆమ్ల క్షార గుణాన్ని చెప్పే పీహెచ్‌లే కదా, ఒకే ఎక్సెల్ షీట్‌లో పేరిస్తే చాలు.

ముందు లోతు చూడాలి. 2015లో మొదలైన మన సాయిల్ హెల్త్ కార్డుకి సాధారణంగా 15 సెంటీమీటర్ల లోతు దాకా మట్టి తీస్తాం. యూరప్‌లో 2009 నుంచి జరుగుతున్న లూకాస్ నేల సర్వేలో 20 సెంటీమీటర్లు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2017లో తెచ్చిన ప్రపంచ నేల కర్బన పటానికి 30 సెంటీమీటర్లు. ఆకు, వేరు కుళ్లి చేరే కర్బనం పైపొరలోనే ఎక్కువ. లోతుకి వెళ్లేకొద్దీ సగటు పడిపోతుంది. లోతు చూడకుండా పోలిస్తే, మంచి నేల కూడా పేదగా కనిపిస్తుంది.

అపోహ: ఫార్ములా ఉంటే ఏ పద్ధతిలో వచ్చిన అంకెనైనా ఇంకో పద్ధతిలోకి మార్చేయొచ్చు.

ప్రమాణాలైతే మార్చొచ్చు. భాస్వరాన్ని ఎరువుల లెక్కలో వాడే పి2ఓ5 రూపంలో చెప్పాలంటే 2.29తో గుణిస్తే సరిపోతుంది. పద్ధతులు అలా మారవు. భాస్వరం కొలిచే ఓల్సెన్ పద్ధతిలో సోడియం బైకార్బొనేట్ వాడతారు, తటస్థ నేలలకీ సున్నం ఉన్న నేలలకీ అది సరిపోతుంది. ఆమ్ల నేలలకు బ్రే పద్ధతి. చాలా దేశాల్లో మెలిక్-3 అనే ఇంకో పద్ధతి వాడతారు. మూడూ మట్టిలోంచి లాగే భాస్వరం ఒకటి కాదు. అరకు వైపు ఆమ్ల నేలల మీద కట్టిన సమీకరణాన్ని భీమిలి ఇసుక నేలలకు వాడితే తప్పుడు జవాబే వస్తుంది. పీహెచ్ కూడా అంతే. నీళ్లలో కొలిచిన దానికంటే కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో కొలిస్తే సాధారణంగా అర పాయింటో, ఇంకా ఎక్కువో తగ్గుతుంది.

అందుకే నేను గట్టిగా నమ్మే దారి ఒక్కటే. అదే మట్టిని రెండు పద్ధతుల్లోనూ పరీక్షించాలి, అదీ ప్రతి రకం నేలకీ విడివిడిగా. దానికి పాత మట్టి దొరకాలి. పదేళ్ల కిందటి నమూనాని ఆరబెట్టి, జల్లెడ పట్టి, సీసాలో దాచి ఉంటే ఈరోజు కొత్త పద్ధతిలో మళ్లీ చూడొచ్చు. చోటు చాలక సీసాలు పారబోసిన ల్యాబులు చూశాను. ఎంత బాధేస్తుందో! రిజిస్టర్లో అంకె మిగిలింది, దాన్ని సరిచూసుకునే దారి పోయింది.

అపోహ: అయితే అందరూ ఒకే పద్ధతికి మారిపోవాలి.

మారితే ప్రతి దేశానికీ తన పాత లెక్కలతో లింకు తెగిపోతుంది. 2017లో ఏర్పడిన గ్లోసోలాన్ అనే ప్రపంచ ల్యాబుల నెట్‌వర్క్ పరీక్ష విధానాలను ఒకేలా రాసిపెడుతోంది, ఒకే మట్టిని వేర్వేరు ల్యాబులకు పంపి ఫలితాలు పోల్చి చూస్తోంది. యూరోపియన్ యూనియన్ 2025లో తెచ్చిన నేల పర్యవేక్షణ చట్టం కూడా, నిర్ధారించిన మార్పిడి సూత్రం ఉంటే దేశాలు తమ సొంత పద్ధతులు వాడుకోవచ్చంటుంది. నాకిది సరైన దారే అనిపిస్తుంది.

అపోహ: మంచి నేలకి ప్రపంచమంతటా ఒకే హద్దు పెట్టొచ్చు.

పెట్టలేం. మన వేడికి కర్బనం త్వరగా కరిగిపోతుంది, 0.75 శాతం దాటితేనే మనకు 'ఎక్కువ'. చల్లటి దేశాల్లో అది చాలా తక్కువ. కొలత కలవాలి గానీ హద్దులు కలవనక్కర్లేదు.

అపోహ: రెండు సర్వేల మధ్య అంకె పెరిగితే నేల బాగుపడినట్టే.

పెద్దాయన రిపోర్టులే తీసుకోండి. ఘనపు సెంటీమీటరు మట్టి బరువు 1.4 గ్రాములు, లోతు 15 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక లెక్కలో హెక్టారుకి 8.8 టన్నుల కర్బనం, ఇంకో లెక్కలో 11.6. ఈ తేడా అంతా గుణకారం వల్ల వచ్చిందే. నేలలో కర్బనం పెంచితే డబ్బులొస్తాయనే కార్బన్ క్రెడిట్ పేరుతో ఎవరైనా రైతుకి ఆశ చూపిస్తే, రెండుసార్లూ ఒకే పద్ధతిలో కొలుస్తారా అని ముందు అడగాలి.

ఊరి పేరు కూడా ఇలాగే మోసం చేస్తుంది. 2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లా మూడు ముక్కలైంది. పాత రికార్డుల్లోని 'విశాఖపట్నం'లో పాడేరు, అరకు కొండ నేలలూ, అనకాపల్లి చెరకు నేలలూ కలిసే ఉన్నాయి. ఇప్పుడు అవి లేవు. నేల ఏమీ మారకపోయినా జిల్లా సగటు మారుతుంది. అందుకే నమూనా తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలు ఉండాలి. కానీ ఆ చోటు ఒక రైతు పొలం. బయటకిచ్చే డేటాలో చోటుని కొంచెం అటూఇటూ చేసి ఇవ్వడం, అసలు వివరాన్ని భద్రంగా దాచడం మన పూచీ. పద్ధతి, లోతు, ప్రమాణం మాత్రం ఎవరడిగినా దాచకుండా చెప్పాలి.