చేపలో పాదరసం: మూడేళ్ల గ్రాంటుకు అందని లెక్క

మృగశిర కార్తె వచ్చిందంటే మా మిర్యాలగూడ వైపు చేపల మార్కెట్లో కాలు పెట్టే సందుండదు. ఆ రోజు ఇంట్లో చేప వండాల్సిందేనని పెద్దవాళ్లు పట్టుబడతారు. టబ్బులో కొట్టుకుంటున్న కొర్రమీనును బయటికి తీసి, తల మీద కర్రతో ఒక్కటేసి, బూడిద చల్లి, జిగురంతా పోయేదాకా బండ మీద రుద్దుతుంది అమ్మే ఆమె. ఇంటికొచ్చాక ఉప్పు, పసుపు పట్టించి మళ్లీ కడుగుతాం. నీచు వాసన పోతుంది. కానీ పాదరసం గనక చేప కండలోకి చేరితే ఈ కడుగుడుకు పోదు, పులుసు ఎంత మరిగినా పోదు. అది కండలోని మాంసకృత్తులనే పట్టుకుని ఉంటుంది.

చేప మంచి తిండి. కూలికి పోయి వచ్చే ఇంట్లో పిల్లలకు దొరికే బలమైన ఆహారాల్లో అదొకటి. అది మంచి తిండిగానే ఉండాలంటే దాన్ని కొలిచే వాళ్లుండాలి, కొలవడానికి డబ్బుండాలి. ఆ డబ్బు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు ఆగింది అన్నదే ఈ విషయం వెనకున్న అసలు చరిత్ర.

జపాన్‌లోని మినమాటా పేరు చాలామంది వినే ఉంటారు. అక్కడి చిస్సో ఫ్యాక్టరీ పాదరసం కలిసిన వ్యర్థాలను సముద్రంలోకి వదిలింది. ఆ చేపలు తిన్నవాళ్లకు చేతులు వణికాయి, చూపు మందగించింది, పుట్టిన పిల్లలకు నరాలు దెబ్బతిన్నాయి. 1956 మే 1న ఈ జబ్బు అధికారికంగా నమోదైంది. కారణం ఫ్యాక్టరీయేనని ప్రభుత్వం ఒప్పుకోవడానికి 1968 దాకా పట్టింది. ఈలోగా 1965లో అదే దేశంలో నీగాటా దగ్గర, ఈసారి అగానో నది చేపలు తిన్నవాళ్లలో అదే జబ్బు బయటపడింది. ఇది సముద్రంతో ఆగే గొడవ కాదని, నదికీ చెరువుకూ వస్తుందని అప్పుడు అర్థమైంది.

స్వీడన్ కథ వేరే దారిలో మొదలైంది. అక్కడ పాదరసం మందు పట్టించిన విత్తనాలు తిని పక్షులు చచ్చిపోయాయి. 1966లో ఆ మందుల్లో అతి ప్రమాదకరమైన రకాన్ని విత్తనాలకు వాడొద్దన్నారు. మన దగ్గర కూడా ఆగ్రోసాన్, సెరిసాన్ పేర్లు పాత రైతులకు గుర్తుంటాయి, అవి పాదరసం మందులే. ఆ కోవకే చెందిన మిథాక్సీ ఇథైల్ మెర్క్యురీ క్లోరైడ్‌పై మన దేశంలో నిషేధం 2018లో వచ్చింది.

స్వీడన్ శాస్త్రవేత్తలు జెన్సెన్, యెర్నెలోవ్ 1969లో అసలు ముడి విప్పారు. మామూలు పాదరసం నీళ్లలో పడితే అడుగు బురదలోని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. నాచు దాన్ని పీల్చుకుంటుంది, నాచును నీటిపురుగు తింటుంది, పురుగును పరక తింటుంది, పరకలను కొర్రమీనో వాలుగో మింగుతుంది. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ మోతాదు పెరుగుతుంది. ఇలా మిగతా చేపలను తిని బతికే వేట చేప కండలో అది చుట్టూ ఉన్న నీళ్లలో కంటే పది లక్షల రెట్లు కూడా ఉండొచ్చు. తాగునీటికి మన ప్రమాణం లీటరుకు 0.001 మిల్లీగ్రాము. నీళ్లు ఆ పరీక్ష పాసైనా చేప ఫెయిల్ కావచ్చు. అందుకే నీళ్ల రిపోర్టు చూసి చేప గురించి ధైర్యం చెప్పడం కుదరదు.

ఇక కెనడా. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. అక్కడ ఒంటారియోలో గ్రాసీ నారోస్ అనే ఆదివాసీ సమూహం ఉంది. నదికి ఎగువనున్న ఒక కాగితం మిల్లు ఆవరణలోని రసాయన ప్లాంటు 1962 నుంచి 1970 దాకా సుమారు 9 టన్నుల పాదరసాన్ని నదిలోకి వదిలింది. 1970లో చేపల వ్యాపారాన్ని ఆపేశారు. నది శుభ్రం చేయడానికి 8.5 కోట్ల డాలర్లు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం మాటిచ్చింది మాత్రం 2017లో. మధ్యలో 47 ఏళ్లు. ఒక తరం ముసలిదైపోయింది.

అదే రాష్ట్రంలో 1968 నుంచి ఒక పరిశోధన కేంద్రం నడుస్తోంది, సరస్సులనే ప్రయోగశాలగా వాడే కేంద్రం. అక్కడివాళ్లు 2001లో ఒక సాహసం చేశారు. గుర్తుపట్టడానికి వీలుగా ప్రత్యేక ఐసోటోపుల (పరమాణువు బరువులో కాస్త తేడా ఉన్న రకాల) పాదరసాన్ని ఏడేళ్ల పాటు కొద్దికొద్దిగా ఒక సరస్సుకీ, దాని చుట్టూ ఉన్న అడవికీ వేశారు. తర్వాత ఆపేశారు. ఆపాక చేపల్లో ఎంత తగ్గుతుంది, ఎన్నాళ్లకు తగ్గుతుంది? జవాబు కావాలంటే ఏటేటా అదే సరస్సులో చేపలు పట్టి కొలుస్తూ కూర్చోవాలి. సరిగ్గా ఆ మధ్యలోనే, 2012లో, ఈ కేంద్రానికి డబ్బు ఆపేస్తున్నామని కెనడా ప్రభుత్వం ప్రకటించింది. దీంతో సర్కారుకు మిగిలేది ఏటా 20 లక్షల డాలర్లు, అంతే. శాస్త్రవేత్తలూ జనమూ గట్టిగా పోరాడితే 2014లో ఒక స్వతంత్ర సంస్థ దాన్ని చేతుల్లోకి తీసుకుంది, ఒంటారియో ప్రభుత్వం ఆదుకుంది. 2021 డిసెంబర్‌లో ఫలితం అచ్చయింది: వేయడం ఆపిన ఎనిమిదేళ్లలో పెద్ద చేపల్లో ఆ గుర్తు పాదరసం 38 నుంచి 76 శాతం దాకా తగ్గింది. పొగగొట్టాల్లోంచి వచ్చి వానతో దిగే పాదరసాన్ని కట్టడి చేస్తే చేప కొన్నేళ్లలోనే కోలుకుంటుందని ప్రపంచానికి చేతికందిన బలమైన రుజువు ఇది. 2012లో తాళం పడి ఉంటే ఆ అంకె మనకు దక్కేది కాదు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె జారినట్టవుతుంది.

మన దేశంలో 2012లోనే ఢిల్లీలోని పర్యావరణ పరిశోధన సంస్థ సీఎస్ఈ, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్ సరిహద్దులోని సింగ్రౌలీ బొగ్గు ప్రాంతంలో పరీక్షలు చేసి మనుషుల రక్తంలో, జుట్టులో, చేపల్లో పాదరసం ఉందని చెప్పింది. థర్మల్ ప్లాంట్ల పొగలో పాదరసానికి కేంద్ర ప్రభుత్వం మొదటిసారి హద్దు పెట్టింది 2015 డిసెంబర్‌లో, ఘనపు మీటరుకు 0.03 మిల్లీగ్రాములని. పాదరసంపై అంతర్జాతీయ ఒప్పందానికి మినమాటా పేరే పెట్టారు, దాన్ని భారత్ 2018 జూన్‌లో ఆమోదించింది.

ఆ 2015లోనే, జూన్ నెలలో, నల్లగొండ జిల్లాలో రెండు పెద్ద పనులు మొదలయ్యాయి. చౌటుప్పల్‌లో ఇంటింటికీ నీళ్లిచ్చే మిషన్ భగీరథ పైలాన్. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటుకు శంకుస్థాపన. మొదటిది ఫ్లోరైడ్ బాధ తీర్చడానికి. రెండోది బొగ్గు కాల్చడానికి, బొగ్గులో పాదరసం సహజంగానే ఉంటుంది. కాలినప్పుడు అది ఆవిరై కొంత బూడిదకు అంటుకుంటుంది, కొంత పొగతో పైకి పోయి వానతో దిగుతుంది. ఆ మండలంలోనే వాడపల్లి దగ్గర హైదరాబాద్ మురుగునంతా మోసుకొచ్చిన మూసీ కృష్ణలో కలుస్తుంది. కలిసిన నీళ్లు కిందికి పోయి పులిచింతలలో నిలుస్తాయి.

పాలమూరు వైపు సంగతి ఇంకోటి. నార్లాపూర్, ఏదుల, వట్టెం, కరివెన అంటూ కొత్త జలాశయాలు కడుతున్నారు. నార్లాపూర్‌లో మొదటి మోటారు తిరిగింది 2023 సెప్టెంబర్‌లో. పాలమూరుకు ఆ నీళ్లు ఎంత అవసరమో నేను చెప్పక్కర్లేదు. అయితే చెలకలు, చెట్లూ చేమలూ మునిగినప్పుడు అడుగున కుళ్లి ప్రాణవాయువు తగ్గుతుంది, పాదరసాన్ని మార్చే సూక్ష్మజీవులకు అదే కావాలి. కొత్త జలాశయాల చేపల్లో మొదటి కొన్నేళ్లు మోతాదు పెరిగి, తర్వాత మెల్లగా తగ్గడం కెనడా ఉత్తరాన క్రీ ఆదివాసీల ప్రాంతంలో స్పష్టంగా కనిపించింది. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. అది వేట చేప కాబట్టి చూడాల్సిందీ దాన్నే. నాచు, నలుసుల మీద బతికే బొచ్చెలో అంత పేరుకోదు.

కొలవడం బ్రహ్మవిద్యేం కాదు. వీపు రెక్క కింద నుంచి గోరంత కండ ముక్క కోసి, చేప పొడవు, బరువు, పొలుసు వలయాలను బట్టి వయసు రాసుకుంటారు. వయసు ముఖ్యం, ముసలి చేపలో ఎక్కువ చేరుతుంది. ముక్కను యంత్రంలో కాలిస్తే వచ్చే ఆవిరి బంగారం పూసిన గొట్టంలోంచి పోతుంది. పాదరసం బంగారాన్ని ఎలా పట్టుకుంటుందో మన కంసాలులకు ఎప్పటి నుంచో తెలుసు, ఇక్కడా అదే పని. పట్టుకున్నదాన్ని మళ్లీ వేడిచేసి వదిలించి లెక్కపెడతారు.

చిక్కంతా కాలంతో. మన దగ్గర ఒక ప్రాజెక్టుకు డబ్బు సాధారణంగా మూడేళ్లకిస్తారు. జలాశయం చేపలో మార్పు తెలియడానికి పదేళ్లు పడుతుంది. దేశం మొత్తం పరిశోధనకు పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం దగ్గరే ఉంది. 2023లో చట్టం చేసి అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ పెట్టి, ఐదేళ్లలో 50,000 కోట్లన్నారు. అందులో పెద్ద భాగం ప్రైవేటు నుంచి రావాలని లెక్క వేసుకున్నారు. ఊరి చెరువు చేపను పదేళ్లు కొలిచే పనికి ఏ కంపెనీ ముందుకొస్తుంది? ఆ భాగం సర్కారే మోయాలి.

నల్లగొండకు ఈ పాఠం కొత్త కాదు. ఫ్లోరైడ్ కూడా కంటికి కనపడదు, రుచికి తెలియదు. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్లు శుద్ధి చేసే పద్ధతిని రూపొందించారు. దాన్ని ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అని పిలుస్తుంది. మన జిల్లా పేరు అలా పుస్తకాల్లోకి ఎక్కేనాటికే వేల మంది నడుములు వంగిపోయాయి. పరిశోధన జబ్బు తర్వాత వచ్చింది.

ఈసారి ముందు రావడానికి చేతిలో అన్నీ ఉన్నాయి. వనపర్తి జిల్లా పెబ్బేరులో మత్స్య కళాశాల ఉంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ప్రతి ఊళ్లో మత్స్యకార సంఘం ఉంది, ఏ చేప ఎన్నేళ్లదో చూడగానే చెప్పే ముదిరాజులు, గంగపుత్రులు ఉన్నారు. వాడపల్లి, పులిచింతల వెనక జలాలు, నార్లాపూర్, ఎక్కడో పొగకూ మురుగుకూ దూరంగా ఉన్న ఒక చెరువు. ఈ నాలుగు చోట్ల ఏటా మృగశిరకు ముందు ఇరవై కొర్రమీన్ల చొప్పున పట్టి, సగం ముక్కలు కొలిచి, సగం డీప్ ఫ్రీజర్‌లో దాచాలి. యాదాద్రి యూనిట్లు ఒక్కొక్కటిగా పని మొదలుపెడుతున్నాయి, నార్లాపూర్‌లో చేపపిల్లలు పెద్దవవుతున్నాయి. మొదటి ఏడాది ముక్కలు ఇప్పుడే తీయాలి.