హాయిస్ట్ కొనేటప్పుడు టన్నులొక్కటే చూస్తున్నారా? అపోహలు - వాస్తవాలు

బెంగళూరు పీణ్యా, బొమ్మసంద్రల్లోని చిన్న షెడ్లకు హాయిస్ట్ (బరువులెత్తి దింపే యంత్రం) కావాలంటే దుకాణంలో మొదట వినిపించే ప్రశ్న "ఎన్ని టన్నులు?" చాలాసార్లు చివరి ప్రశ్న కూడా అదే.

అపోహ: ఎత్తేది అర టన్ను, కొనేది టన్ను. ఇంకేం భయం?

వాస్తవం: ఒకసారి ఎత్తడం వేరు, షిఫ్టంతా ఎత్తుతూ దింపుతూ ఉండడం వేరు. ప్రెస్ షాపులో 600 కిలోల డైని (రేకును నొక్కే అచ్చుని) 3 మీటర్లు ఎత్తి దింపాలి అనుకోండి. హాయిస్ట్ వేగం నిమిషానికి 6 మీటర్లయితే పైకి అర నిమిషం, కిందికి అర నిమిషం. గంటకు 20 సార్లు చేస్తే మోటారు 20 నిమిషాలు తిరిగినట్టు, అంటే 33 శాతం. ఎంత ఎడతెగని పనికి పనికొస్తుందో చెప్పే తరగతులు ఎం3, ఎం4, ఎం5. సాధారణంగా ఎం3 క్లాస్ మోటారుకు ఇచ్చే హద్దు 25 శాతం, ఎం4కి 30, ఎం5కి 40. ఈ పనికి ఎం5 తప్పదు.

స్టార్టుల లెక్క ఇంకా ముఖ్యం. డైని బెడ్ మీద సరిగ్గా కూర్చోబెట్టడానికి బటన్‌ని టక్‌టక్‌మని నొక్కుతారు కదా, ఆ ప్రతి నొక్కూ ఒక స్టార్టే. డైకి పది నొక్కులంటే గంటకు 200. ఎం3 హద్దు 150, ఎం5ది 240. హద్దు దాటితే ముందు కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపి తెంచే స్విచ్) పాయింట్లు మాడతాయి, బ్రేక్ లైనర్ అరుగుతుంది, ఆపై మోటారు వైండింగ్ పోతుంది. టన్నులు పెంచితే గేర్లకూ చైన్‌కూ కాస్త ఊరట, అంతే. స్టార్టులు తగ్గవు.

బరువు లెక్కలో స్లింగ్ (బరువుకు కట్టే తాడు లేదా గొలుసు), షాకిల్ (దాన్ని తగిలించే కడియం), స్ప్రెడర్ బీమ్ (స్లింగ్ కాళ్లను ఎడంగా ఉంచే దూలం) బరువులు కూడా కలపాలి. రెండు కాళ్ల స్లింగ్ నేలకు 30 డిగ్రీల కోణంలో పరుచుకుంటే టన్ను జాబ్‌కు (ఎత్తే వస్తువుకు) ఒక్కో కాలిమీదా టన్ను లాగుడు పడుతుంది. 60 డిగ్రీలైతే సుమారు 580 కిలోలే.

అపోహ: పైన లిమిట్ స్విచ్ ఉంది, అదే ఆపేస్తుంది.

వాస్తవం: అది రోజువారీ ఆపుడు బటన్ కాదు, చివరి కాపలా. ఆ కాపలా కూడా త్రీ-ఫేజ్ కరెంటు ఫేజుల వరుస సరిగ్గా ఉంటేనే; మోటారు ఎటు తిరగాలో తేల్చేది ఆ వరుసే. లైన్ పని జరిగాకో, జనరేటర్ మార్చాకో రెండు ఫేజులు తారుమారైతే "పైకి" నొక్కితే హుక్ దిగుతుంది, "కిందికి" నొక్కితే ఎక్కుతుంది. పై లిమిట్ స్విచ్ కట్ చేసేది "పైకి" కాంటాక్టర్‌ని. ఇప్పుడు హుక్‌ని ఎక్కిస్తున్నది రెండోది! హుక్ బ్లాక్ నేరుగా పోయి బాడీని గుద్దుతుంది, రోప్ తెగవచ్చు.

కొందరు ఎలక్ట్రీషియన్లు చేసే అసలు ఘోరం, పెండెంట్‌లో (వేలాడే బటన్ల పెట్టెలో) వైర్లు మార్చి "సరిచేయడం". బటన్లు సరిపోతాయి, లిమిట్ తప్పుగానే ఉండిపోతుంది. మార్చాల్సింది మెయిన్ సప్లైలో రెండు ఫేజులు. సప్లై మళ్లీ కలిపిన ప్రతిసారీ బరువు లేకుండా, హుక్‌ని సగం ఎత్తులో ఉంచి ఒక్క క్షణం "పైకి" నొక్కి చూడండి. ఫేజుల వరుస తప్పితే మోటారును తిరగనివ్వని ఫేజ్ సీక్వెన్స్ రిలే ఉన్న మోడల్ దొరికితే అదనంగా పడే డబ్బు గురించి బేరమాడకండి.

అపోహ: షెడ్డు ట్రస్‌కి (పైకప్పును మోసే ఇనుప చట్రానికి) తగిలిస్తే సరి.

వాస్తవం: ట్రస్‌లు పైకప్పు రేకులకూ గాలికీ లెక్కగట్టినవి. టన్ను జాబ్, 100 కిలోల హాయిస్ట్-ట్రాలీ కలిపి 1100 కిలోలు. కరెంటుతో నడిచేదానికి కుదుపు కింద 25 శాతం కలిపితే 1375 కిలోలు. విడిగా ఐ-బీమ్, స్తంభాలు వేసుకోవాల్సిందే. లెక్క స్ట్రక్చరల్ ఇంజనీర్ చేత చేయించండి.

అపోహ: జాబ్‌ని నేలమీద లాగడానికీ ఇదే వాడొచ్చు.

వాస్తవం: వద్దు. పక్కకు లాగితే రోప్ డ్రమ్ గాడి తప్పుతుంది, రోప్ గైడ్ విరుగుతుంది. లాగుడుకు వించ్ వాడండి.

అపోహ: చైన్ పుల్లీ (చేత్తో గొలుసు లాగి ఎత్తే హాయిస్ట్) బిగుసుకుంటే ఆయిల్ పోయాలి, లేదా ఇద్దరు లాగాలి.

వాస్తవం: లోపలి బ్రేక్ డిస్కులు పొడిగా ఉండాలి. ఆయిల్ తగిలితే బరువు జారుతుంది. ఆయిల్ లోడ్ చైన్‌కి మాత్రమే. ఒక మనిషి లాగితే కదలకపోతే బరువైనా ఎక్కువై ఉండాలి, చైనైనా ఇరుక్కుని ఉండాలి.

అపోహ: కొత్తగా కొన్నప్పుడు టెస్ట్ సర్టిఫికెట్ ఇచ్చారుగా!

వాస్తవం: 12 నెలలకు ఒకసారైనా అర్హుడైన పరీక్షకుడి చేత పూర్తి తనిఖీ చేయించండి. 2025 వరకు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ చెప్పిందీ అదే. కొన్నరోజే హుక్ నోటి వెడల్పు కొలిచి రాసిపెట్టుకోండి. అది 10 శాతం తెరుచుకుందంటే హుక్ మార్చాలి, మాన్యువల్ ఇంకా తక్కువ చెబితే అదే హద్దు. వేడిచేసి వంచిన హుక్‌ని మళ్లీ తగిలించకూడదు.