తెలుగులో సైన్సు: ఒక దివాను మొదలుపెట్టిన పని

మునగాల సంస్థానంలో దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు నాగపూరులో చదువుకున్నారు, మరాఠీ బాగా ఎరుగుదురు. ఆ భాషలో చరిత్ర మీద, శాస్త్రాల మీద వస్తున్న పుస్తకాలు చూసినప్పుడు తెలుగు లోటు ఆయనకు కొట్టొచ్చినట్లు కనిపించింది. మనకు కావ్యాలకు కొదవ లేదు. శరీర శాస్త్రం, జ్యోతిశ్శాస్త్రం వంటి విషయాలపై కందుకూరి వీరేశలింగం రాసి దారి వేశారు. అయినా ఇంగ్లీషు రాని మనిషి గాలి గురించీ జీవం గురించీ చదువుకోవాలంటే దొరికేది చాలా తక్కువ.

అందుకే 1906లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు, అయ్యదేవర కాళేశ్వరరావులతో కలిసి హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. రెండేళ్లకు అది మద్రాసు చేరింది. మండలి చరిత్ర గ్రంథాలతో పాటు శాస్త్ర గ్రంథాలనూ అచ్చువేసింది. జీవశాస్త్రం రాసింది వైద్యుడు ఆచంట లక్ష్మీపతి. విషయం తెలిసినవాడి చేతనే రాయించడం ఆ పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

మాటల దగ్గర పెద్ద చిక్కే ఉండేది. ఆక్సిజన్‌కు మనకు రెండు పేర్లు వచ్చాయి: ఆమ్లజని, ప్రాణవాయువు. ఆమ్లాలన్నిటికీ ఆ వాయువే మూలమని ఫ్రెంచి శాస్త్రవేత్త లవోయిజర్ పొరబడి పెట్టిన పేరుకు ఆమ్లజని మక్కికి మక్కి అనువాదం. ఆ పొరపాటు కూడా పేరుతోనే తెలుగులోకి దిగింది. ప్రాణవాయువు అంటే మాత్రం అది మనకేం చేస్తుందో వినగానే తెలుస్తుంది. జనం నోట నిలిచిన పేరు అదే.

లక్ష్మణరావు తలపెట్టిన విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలు వచ్చేసరికి ఇంకా ‘అ’ అక్షరంలోనే ఉంది. 1923లో ఆయన కన్నుమూశారు. ఆ పనిని తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు చేపట్టారు.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాలకు, పారిభాషిక పదాలకు పూనుకుంది. అవి తరగతి గది కోసం. బయట ఉన్న పాఠకుడి కోసం భౌతిక శాస్త్రవేత్త మహీధర నళినీ మోహన్, అణుశాస్త్రవేత్త కొడవటిగంటి రోహిణీ ప్రసాద్ వంటివారు వాడుక భాషలో రాశారు. పరిశోధన తెలిసినవారే కలం పట్టారు కాబట్టి ఆ రచనల్లో విషయం పలచబడలేదు. అలాంటివారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. మన విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీకి సమర్పించే ప్రతి సిద్ధాంత వ్యాసంతో పాటు, దాని సారాన్ని పరిశోధకుడే రెండు పేజీల తెలుగులో రాసి ఇవ్వాలని నియమం పెట్టాలి. ఆచంట లక్ష్మీపతి పుస్తకమే రాశారు, వీరిని అడిగేది రెండు పేజీలు.