ప్రొఫెసర్ల రిటైర్‌మెంట్: అపోహలు - వాస్తవాలు

వీడ్కోలు సభ శాలువాలు బీరువాలోకి చేరాక, మూడో వారం నుంచి అసలు రిటైర్‌మెంట్ మొదలవుతుంది. పింఛను, గ్రాట్యుటీ, సెలవుల డబ్బు గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి ఏం చేయాలో చెప్పేవాళ్లే తక్కువ. కాలేజీ, యూనివర్సిటీ అధ్యాపకుల నోట తరచూ వినబడే మాటలివి.

అపోహ: ఇక తీరికే తీరిక, ఆ పుస్తకం రాసేస్తాను.

వాస్తవం: ఇన్నాళ్లూ పని నడిపించింది తీరిక కాదు, టైమ్‌టేబుల్. పదిన్నరకి బెల్లు కొడతారు, అరవై మంది కూర్చుని ఉంటారు కాబట్టే రాత్రికి రాత్రి నోట్సు తయారయ్యేది. బెల్లు పోయాక పుస్తకం "వచ్చే నెల"కి జరుగుతూ ఉంటుంది. అది ఆగిపోయేది ఎక్కువగా రెండు చోట్ల. పాత కాగితాలు సర్దుకోవడం, స్కాన్ చేయించడంతోనే ఆరు నెలలు గడిచిపోతాయి. లేదా "సమగ్ర" అనే మాట పుస్తకం పేరులోకి ఎక్కుతుంది, ఇక ఏ అధ్యాయమూ పూర్తయినట్టు అనిపించదు.

చిన్నగా మొదలుపెట్టండి. ఏళ్ల తరబడి చెప్పిన పేపరు ఒక్కటే తీసుకోండి. అందులో పిల్లలు ఏటా తడబడే చోట్లు పన్నెండు రాసుకోండి. కెమిస్ట్రీలో మోల్, ఎకనామిక్స్‌లో గిరాకీ మారడానికీ గిరాకీ పరిమాణం మారడానికీ ఉన్న తేడా లాంటివి. ఒక్కోదానికి ఒక అధ్యాయం, సుమారు రెండు వేల మాటలు. పొద్దున గంటన్నర చొప్పున వారానికి ఐదు రోజులు కూర్చుంటే మూడు వారాలకి ఒకటి తెములుతుంది, పన్నెండూ తొమ్మిది నెలల్లో అయిపోతాయి. ప్రతి అధ్యాయాన్నీ ఫలానా తేదీకి ఇస్తానని ఎవరికైనా మాటివ్వండి. ఇప్పుడు అదే పేపరు చెప్తున్న కుర్ర లెక్చరర్ అయితే మరీ మంచిది. రేపటి క్లాసుకి పనికొచ్చేది కనుక అడిగి మరీ తీసుకుంటారు, అర్థం కాని చోట నిలదీస్తారు. పాత శిష్యులకిస్తే "అద్భుతం సార్" అనే వాట్సాప్ మెసేజ్ తప్ప ఇంకేమీ రాదు. సొంతంగా అచ్చు వేయించుకుంటే పుస్తకానికి గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్‌ని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, దానికోసం ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు హైదరాబాద్ విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్‌గా 1993లో దిగిపోయారు. ద్రావిడ భాషల మీద ఆయన పెద్ద పుస్తకాన్ని కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ 2003లో వేసింది. అది రిటైరయ్యాక పుట్టిన సరదా కాదు, దశాబ్దాలుగా చేస్తూ వచ్చిన పనే.

అపోహ: పీహెచ్‌డీ స్కాలర్లు ఉన్నారుగా, గైడ్‌గా కొనసాగుతాను.

వాస్తవం: 2022 యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం సర్వీసు మూడేళ్లలోపే మిగిలి ఉంటే కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. అప్పటికే ఉన్నవాళ్లకి రిటైరయ్యాక కో-గైడ్‌గా మాత్రమే ఉండొచ్చు, అదీ 70 ఏళ్ల వరకే. కొత్త గైడ్ ఎవరన్నది ఆఖరి ఏడాదిలోనే కాగితం మీదికి రావాలి. నోటిమాటగా వదిలేస్తే సంతకాల కోసం తిరిగేది స్కాలరే.

వేరే రంగాల నిపుణుల కోసం పెట్టిన "ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్" పోస్టులో చేరొచ్చనీ చాలామంది అనుకుంటారు. బోధన వృత్తిలో ఉన్నవారికీ, అందులో రిటైరైనవారికీ ఆ పోస్టు వర్తించదు. రిటైరైన అధ్యాపకుల కోసం యూజీసీ 2022లో ప్రకటించిన ఫెలోషిప్ వేరే ఉంది. నెలకి 50,000 రూపాయలు, మూడేళ్లు, 67 ఏళ్ల వరకు. దేశం మొత్తానికి 100 మాత్రమే.

అపోహ: యూనివర్సిటీ మెయిల్ ఎక్కడికి పోతుంది?

వాస్తవం: ఏదో ఒక రోజు చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. దాంతోపాటు జర్నల్ సైట్ల పాస్‌వర్డ్ మార్చుకునే దారీ, సంస్థ లాగిన్‌తో తెరుచుకునే జర్నల్సూ పోతాయి. రిటైర్‌మెంట్‌కి ఆర్నెల్ల ముందే ఆర్కిడ్ (పరిశోధకుల గుర్తింపు సంఖ్య) ఖాతాలో సొంత జీమెయిల్ చేర్చి, దాన్నే ప్రధాన చిరునామాగా పెట్టుకోండి. పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాల కోసమైతే శోధ్‌గంగ వెబ్‌సైటు ఎవరికైనా ఉచితమే.

అపోహ: ప్రైవేటు కాలేజీలో చేరితే పాత రోజులే.

వాస్తవం: కొన్నిచోట్ల కావలసింది మీ పాఠం కాదు, తనిఖీ కమిటీకి చూపించడానికి మీ పీహెచ్‌డీ. చేరేముందు అడగండి: వారానికి ఎన్ని పీరియడ్లు, ఏ పేపరు, ల్యాబ్ ఉందా, అడ్మిషన్ల టార్గెట్ ఏమైనా పెడతారా. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోండి, వాళ్ల దగ్గర ఉంచొద్దు. పీరియడ్ల సంగతి దాటవేస్తే జవాబు తెలిసినట్టే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1989లో రిటైరైన చిలుకూరి శాంతమ్మ గారు తొంభై దాటాక కూడా విజయనగరంలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పారు. వెళ్తే అలా పాఠం చెప్పడానికే వెళ్లాలి.

అపోహ: అమెరికాలో పిల్లల దగ్గర ఆర్నెల్లు, అక్కడ చేయడానికేం ఉండదు.

వాస్తవం: విజిటర్ వీసా మీద ఉద్యోగం కుదరదు. అయితే ఒక్కో విద్యాసంస్థలో 9 రోజులు మించకుండా, ఆరు నెలల్లో 5 సంస్థలు దాటకుండా ఉపన్యాసాలకి గౌరవ వేతనం తీసుకోవచ్చు. ఆహ్వానం మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి.

ఎక్కడున్నా సాగే పని ఇంకొకటుంది, తెలుగు వికీసోర్స్. వికీపీడియాకి తోబుట్టువైన ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం అది. వికీపీడియాలో ప్రొఫెసర్లు తొందరగా అలుగుతారు. అక్కడ సొంత పరిశోధనకి చోటు లేదు, మూలం చూపని వాక్యాన్ని ఇంటర్ కుర్రాడైనా తీసేయొచ్చు. వికీసోర్స్‌లో ఆ గొడవ లేదు. రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు గడిచి కాపీరైటు తీరిన పుస్తకాల స్కాన్లు ఉంటాయి. ఎడమవైపు అక్షరాలు, కుడివైపు పేజీ బొమ్మ. బొమ్మలోంచి అక్షరాలు తీసే యంత్రం ఒత్తుల్నీ, అరసున్నల్నీ ఎక్కువగా తప్పు చదువుతుంది, వాటిని దిద్దాలి. రోజుకి రెండు పేజీలు దిద్దితే 300 పేజీల పుస్తకం ఐదు నెలలకి తెములుతుంది. మీరు దిద్దిన పేజీ పసుపు రంగులోకి మారుతుంది. ఆకుపచ్చ కావాలంటే ఇంకొకరు చదివి ఆమోదించాలి. ఎంత సీనియర్ ప్రొఫెసరైనా తన పేపరు తానే దిద్దుకోవడం అక్కడ కుదరదు.