మన డెల్టాకో మాంసాహారి మొక్క కావాలంటే

1874లో న్యూయార్క్ వరల్డ్ అనే పేపరోళ్లు మడగాస్కర్ దీవిలో మనుషుల్ని తినే చెట్టుందని పెద్ద స్టోరీ వేసేశారు, చెట్టూ లేదు చూసినోడూ లేడు, అంతా కట్టుకథే. మన గోదావరికి కూడా ఒకటుంటే బావుంటదని నేనూ అల్లడానికి కూర్చున్నా. పేరు పీతమింగుడు తీగ. కోరింగ మడ అడవిలో పోటుకి నోరు తెరిచి, ఆటుకి మూసుకుని, లోపలిరుక్కున్న పీతని తీరిగ్గా అరిగించుకుంటదన్నమాట.

దాన్ని కోనసీమ చేల గట్ల మీదకి తెద్దామనుకున్నా చూడండి, కథ అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే పురుగుల్ని పట్టి అరిగించుకునే నిజం మాంసాహారి మొక్కలు కడుపు నింపుకోడానికి వేటాడవు, పిండిపదార్థం అన్ని మొక్కల్లాగే ఎండతోనే వండుకుంటాయి, పురుగు నుంచి వాటికి ముఖ్యంగా కావాల్సింది నత్రజని, భాస్వరం, అంటే మనం చేలో యూరియా, డీఏపీ ఎందుకు చల్లుతామో అందుకే. పైగా వలలాగా మారిన ఆకు మామూలు ఆకంత బాగా ఎండని వాడుకోలేదు, అదో నష్టం. వరదలు తెచ్చిపోసిన ఒండ్రు మీద నిలబడి వేటకెళ్లడమంటే విస్తరి ముందు కూర్చుని గేలం వేసుకోవడమే. పక్కన పెరిగే గడ్డే దాన్ని కమ్మేస్తది.

మరి బురద బలం అందనిదెవరికి? వేళ్లే లేకుండా నీళ్లలో తేలేదానికి. ఇది నేను అల్లింది కాదండోయ్, యుట్రిక్యులేరియా అని నిజంగానే ఉంది, మన దేశంలో చెరువుల్లో, వరి చేలల్లో పెరుగుతది, చూస్తే నాచనుకుని పీకి గట్టున పడేస్తాం. దాని ఆకులకి ఆవగింజంత తిత్తులుంటాయి. తిత్తి లోపలి నీళ్లు బయటికి తోడేసుకుని, గోడలు లోపలికి నొక్కుకుపోయి, బిగపట్టుకుని ఉంటది. చిన్న నీటి పురుగో దోమ పిల్లో తలుపు దగ్గరున్న వెంట్రుకకి తగిలిందా, తలుపు తెరుచుకోడం, నీళ్లతో సహా అది లోపలికి లాగబడ్డం, తలుపు పడిపోడం. ఆ లాగుడు సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. అందుకే కాబోలు 1875లో ఈ మొక్కల మీద పుస్తకం రాసిన డార్విన్ అంతటోడు కూడా పురుగే తల దూర్చి తోసుకెళ్తదనుకున్నాడు!

నీళ్ల పైన సన్నటి కాడకి చిన్న పసుప్పచ్చ పూలు కనబడితే కింద చూడండి. గుర్రపుడెక్క కమ్మేసిన చోట మాత్రం వెతకడం దండగ, అక్కడ ఎండ దిగదు.